తోకచుక్క ధూళిని లెక్కించిన విధము

తోకచుక్క పొడచూపినచో కరవో, అరిష్టమో కలుగునను భయము మన గ్రామములలో చిరకాలముగ కలదు. ఆ తోక యెట్టిదో పంచాయతీ సభ్యులెరిగి పదిమందికి తెలుపవలెనని మేమీ విషయమును వ్రాయుచున్నాము.

తోకచుక్క నడుమ మంచును, ధూళియు కలిసిన గడ్డ యుండును. సూర్యుని సమీపించినపుడు మంచు ఆవిరియై ధూళిని వెంటగొని వెలువడును. అదియే తోకగా సాగును.

1986 మార్చి 14వ తేదీన ఐరోపా అంతరిక్ష సంస్థవారి జియోటో నౌక, హేలీ తోకచుక్క గడ్డకు సుమారు 600 కిలోమీటర్ల దూరమున సాగిపోయినది. ధూళి సెకనుకు 68 కిలోమీటర్ల వేగముతో నౌకను తాకెను. అట్టి వేగమున చిన్న రేణువైనను తుపాకి గుండువంటిదే. కావున నౌకకు రెండు పొరల డాలు నమర్చిరి. మొదటిది 1 మిల్లీమీటరు మందపు అల్యూమినియపు రేకు. దానిని తాకిన రేణువు ఆవిరియై చెదరగా, వెనుకనున్న దళసరి పొర ఆ దెబ్బను ఓర్చుకొనును.

రేకుల కప్పుపై చప్పుడును బట్టి వాన జోరును మనము గ్రహింతుము గదా! అటులనే డాలుకు అమర్చిన పరికరములు ప్రతి దెబ్బకు కలిగిన కంపమును గ్రహించినవి. దానినిబట్టి శాస్త్రజ్ఞులు రేణువుల బరువును అంచనా కట్టిరి. వేరొక పరికరము రేణువులలోని పదార్థమును పరీక్షించినది. కొన్నిటియందు కర్బనము, ఉదజని, ప్రాణవాయువు, నత్రజని కానవచ్చినవి. మన పైరులలోను, దేహములలోను ఉన్నవి ఇవియే.

గడ్డను సమీపించుటకు కొలది సెకనుల ముందు పెద్ద రేణువొకటి తగిలి నౌక ఊగిసలాడెను, సంకేతములు తెగిపోయెను. సుమారు అరగంటకు మరల అందెను.

హేలీ తోకచుక్క 2061లో మరల వచ్చును. ఈలోగా ఏ తోకచుక్క కనిపించినను తలుపులు మూసికొనక, పిల్లలను ఆరుబయటికి పిలిచి చూపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.