బ్రౌజింగు అనగా నేమి?

నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల గుట్టలలో మేకలను మేపువారిని మనము నిత్యము చూచుచున్నాము. గొఱ్ఱె తలవంచి నేలపైని గడ్డిని మేయును. మేక యట్లు గాదు. రేగుపొద కడ రెండాకులు కొరికి, తుమ్మకొమ్మ నందుకొని, మరియొక పొదకు సాగును. అడ్డసరమును మాత్రము ముట్టదు. ఆంగ్లమున ‘బ్రౌజింగు’ అను మాటకు మొదటి యర్థము ఈ ఆకుమేతయే. పుస్తకములను అటునిటు తిరుగవేయుటకును, నేడు సెల్‌ఫోనులో ఒక పుటనుండి మరియొక పుటకు పోవుటకును ఆ మాటయే వాడుక యైనది.

సమాచారమును వెదకుటకు రెండు త్రోవలు గలవు. కావలసినదాని పేరు తెలిసినచో పట్టికలో చూచి నేరుగా తీసికొందుము. పేరే తెలియనప్పుడు బ్రౌజింగు అక్కరకు వచ్చును.

నల్లగొండ జిల్లా నీటినే ఉదాహరణముగా గైకొందము. కీళ్లు బిగిసి, నడుము వంగి బాధపడు మనుష్యుడు కీళ్లనొప్పుల పుస్తకమునే అడుగును. ఫ్లోరైడు అను మాట ఎరుగనివాడు దానిని గూర్చి అడుగుటెట్లు? ప్రక్క అరలోని ప్రజారోగ్య గ్రంథమును తెరచినచో, రాళ్లలోని ఫ్లోరైడు భూగర్భజలమున కలియుననియు, లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించియున్న నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లకు, ఎముకలకు చేటు కలుగుననియు, కాచినంత మాత్రమున అది పోదనియు, పటిక, సున్నములతో దానిని తగ్గించు ‘నల్లగొండ పద్ధతి’ కలదనియు తెలియును. అప్పుడతని ప్రశ్నయే మారును. ‘ఏ మందు వాడవలెను?’ అనుటకు మారుగా ‘మా బోరునీటిని పరీక్షించిరా?’ అని అడుగును. వంగిన ఎముకలను మందు సరిచేయలేదు. కాని మంచినీరు పిల్లలను కాపాడగలదు.

ఇందుచేతనే పుస్తకములను పాఠకులకు అందునట్లు తెరచిన అరలలో, విషయక్రమమున ఉంచవలెనని గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు ఎస్. ఆర్. రంగనాథన్ బోధించెను. ప్రతి గ్రంథమును తన పాఠకుని చేరవలె ననునది 1931లో వెలువడిన ఆయన పంచసూత్రములలో నొకటి.

అయితే కంటబడినదంతయు మేత గాదు. సెల్‌ఫోనులో చదివినది ఎవరు, ఎప్పుడు వ్రాసిరో చూడవలెను, మరియొకచోట సరిపోల్చవలెను, రోగమైనచో వైద్యునివలన, నీరైనచో పరీక్షవలన నిర్ధారించుకొనవలెను.

ఈ మారు గ్రంథాలయమునకు పోయినప్పుడు, కోరిన పుస్తకము దొరికిన పిమ్మట, దాని ప్రక్కనున్నవానిని గూడ కొంతసేపు తిరుగవేయుడని మేము కోరుచున్నాము.