లైనక్స్ ఫోల్డర్ విండోస్‌లో తెరుచుకోకపోతే

ఆఫీసుల్లో కంప్యూటర్ల బాగోగులు చూస్తూ తల నెరిసినవాణ్ణి. "సాంబా షేర్ పెట్టాను సార్, విండోస్‌లో తెరుచుకోవడం లేదు" అంటూ వచ్చే కుర్రాళ్లకు నేను చెప్పే మాటలు ఇవి. (సాంబా అంటే లైనక్స్ ఫోల్డర్లను విండోస్‌తో పంచుకునేందుకు వాడే సాఫ్ట్‌వేర్.)

1. కింది నుంచి పైకి రండి. ముందు పింగ్, తర్వాత ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు, ఆపైన పాస్‌వర్డ్, చివరికి ఫోల్డర్ అనుమతులు. పింగ్ అందినంత మాత్రాన ఫైర్‌వాల్ 445ని వదులుతోందని అనుకోవద్దు.

2. కనబడటం వేరు, తెరుచుకోవడం వేరు. నెట్‌వర్క్ జాబితాలో పేరు రాలేదని కంగారుపడకండి. అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి ఐపీ అడ్రస్ ఇవ్వండి. తెరుచుకుందా, షేర్ బాగానే ఉన్నట్టు.

3. సాంబా పాస్‌వర్డ్ల జాబితా సాంబాదే. లైనక్స్‌లో యూజర్ ఉన్నా, అతణ్ణి అందులోకి విడిగా చేర్చాల్సిందే. అటు విండోస్ షేర్‌ను లైనక్స్ నుంచి తెరిచేటప్పుడు నాలుగంకెల పిన్ చెల్లదు, అకౌంటు అసలు పాస్‌వర్డ్ కావాలి.

4. విండోస్ పాత పరిచయాలు మరిచిపోదు. ఒకే సర్వర్‌కు ఒకేసారి ఇద్దరు యూజర్ల పేర్లతో వెళ్లబోతే 1219 ఎర్రర్ ఇస్తుంది. నెట్ యూజ్ కమాండుతో పాత కనెక్షన్ తెంపేయండి. క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన పాత పాస్‌వర్డ్ కూడా తీసేయండి.

5. ఎక్కువమంది ఆగిపోయేది అనుమతుల దగ్గరే. సాంబా "రాసుకోవచ్చు" అన్నా, లైనక్స్ ఫైల్ సిస్టమ్ కాదంటే కాదనే అర్థం. షేర్ ఫోల్డర్ ఒక్కదాన్నే చూస్తే చాలదు, దానికి దారితీసే పై ఫోల్డర్లన్నిటిలోకీ ఆ యూజర్‌కు ప్రవేశం ఉండాలి. ఫెడోరా, రెడ్‌హ్యాట్ మెషిన్లలో ఇంకో కాపలాదారు ఉన్నాడు: ఎస్‌ఈలైనక్స్. ఫోల్డర్‌కు సాంబా లేబుల్ లేకపోతే అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే 777 పెట్టినా లోపలికి పోనివ్వడు.

6. పాత ఎస్‌ఎంబీ1 ప్రొటోకాల్‌ను మళ్లీ లేపకండి. 2017 మేలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ పాకింది అందులోని లొసుగు పట్టుకునే. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 కొత్త వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తొలగించడం మొదలుపెట్టింది. 2019లో సాంబా 4.11 కూడా దాన్ని డిఫాల్ట్‌గా ఆపేసింది. విండోస్ 11 ప్రో 24హెచ్2 అయితే పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లనే తెరవదు. సెక్యూరిటీ సెట్టింగులు సడలించే బదులు ఒక యూజర్‌ను, ఒక పాస్‌వర్డ్‌ను పెట్టండి.

7. ఊహించే ముందు చదవండి. టెస్ట్‌పార్మ్ కమాండు కాన్ఫిగ్ ఫైలులోని తప్పు చూపిస్తుంది. సాంబా లాగ్ ఎవరిని, ఎందుకు ఆపిందో చెబుతుంది.

ఫైర్‌వాల్ ఆపేసి, 777 కొట్టి, గెస్ట్‌ను రానిస్తే ఫోల్డర్ తెరుచుకోవచ్చు. కానీ అది అందరికీ తెరుచుకుంటుంది. ఎక్కడ ఆగిందో కనిపెట్టి, అక్కడ మాత్రమే సరిచేయండి.