అడ్రసు ఇచ్చిందెవరు? – వీఎంలతో వేగినవాడి ఎనిమిది పాఠాలు

పుదుచ్చేరికి ఉత్తరపు అంచున, సముద్రాన్ని ఆనుకుని ఉన్న జాలర్ల పేట మా వైతికుప్పం. మాసి మగం రోజున చుట్టుపక్కల గుళ్ల దేవుళ్లు తీర్థవారికి, అంటే సముద్ర స్నానానికి, ఈ ఒడ్డుకే వస్తారు. మిగతా రోజుల్లో మా ఇంటికొచ్చేది యానాం పిల్లలు. యానాం కూడా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమే కాబట్టి చదువులకి ఇటు వస్తుంటారు. చంకలో లాప్‌టాప్, అందులో వర్చువల్ మెషీన్ (వీఎం), నోట్లో ఒకటే మాట: "బాబాయ్ గారూ, వీఎంకి నెట్ రావట్లేదండీ."

నెట్‌వర్క్ పనిలోనే జుట్టు నెరిసింది నాకు. వాళ్లని నేను మొదట అడిగేది ఒక్కటే: ఆ వీఎంకి అడ్రసు ఎవరిచ్చారు? అది తెలియకుండా సెట్టింగులు కెలికితే ఉన్న చిక్కుకి కొత్త చిక్కు తోడవుతుంది.

1. ముందు అడ్రసు చదవండి

విండోస్ వీఎంలో ఐపీకాన్ఫిగ్, లైనక్స్‌లో ఐపీ ఏ అని కొట్టి చూడండి. 10.0.2.15 అని కనిపిస్తే అది వర్చువల్‌బాక్స్ నాట్ ఇచ్చింది. 192.168.56తో మొదలైతే సాధారణంగా హోస్ట్-ఓన్లీ, అంటే లాప్‌టాప్‌కీ వీఎంకీ మధ్యే మాటలు, బయటికి దారి లేదు. 192.168.122 అయితే కేవీఎంతో వాడే లిబ్‌వర్ట్ ఇచ్చింది. మీ ఫోన్‌కి ఉన్న వరసలోనే ఉంటే ఇంటి రూటర్ ఇచ్చింది. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి లోపలి వాడకానికని 1996లో ఖరారు చేసిన వరసలు. ఏ ఇంట్లోనైనా వాడుకోవచ్చు కాబట్టే అడ్రసు చూడగానే ఇచ్చినవాణ్ణి పోల్చుకోగలుగుతాం.

2. నాట్ జబ్బు కాదు

నాట్ అంటే లాప్‌టాప్ అడ్రసు చాటున వీఎం బయటికి వెళ్లడం. మామూలు నాట్‌లో ఉన్న ప్రతి వర్చువల్‌బాక్స్ వీఎంకీ 10.0.2.15 వస్తుంది. రెండింటికీ ఒకే అడ్రసు వచ్చిందని కంగారు పడకండి. దేని గది దానిది, ఒకదానికొకటి కనపడవు. అప్‌డేట్లు దించుకోవడానికీ బ్రౌజర్ తెరవడానికీ ఇది చాలు. వీఎంలు ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే నాట్ నెట్‌వర్క్ పెట్టండి. పక్క గది వాడు మీ వీఎంలోని వెబ్‌సైట్ చూడాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ గానీ బ్రిడ్జ్ గానీ కావాలి.

3. బ్రిడ్జ్‌కి వైఫై కన్నా వైరు మేలు

బ్రిడ్జ్ పెడితే వీఎం తన సొంత మ్యాక్ అడ్రసుతో రూటర్ ముందుకెళ్లి ఐపీ అడుగుతుంది. కేబుల్ మీద ఇది సాఫీగా నడుస్తుంది. వైఫైలో మాత్రం రూటర్ తనతో కనెక్టయిన మ్యాక్‌నే గుర్తిస్తుంది, దాని వెనక ఇంకొకడున్నాడంటే ఒప్పుకోదు. అందుకే వర్చువల్‌బాక్స్ వైఫై మీద వీఎం మ్యాక్‌ని లాప్‌టాప్ మ్యాక్‌తో మార్చి పంపుతుంది. ఒకచోట పనిచేసి ఇంకోచోట మొరాయించేది ఇందుకే. బ్రిడ్జ్ ఏ అడాప్టర్‌కి కట్టారో కూడా చూడండి. నెట్ వైఫైలో వస్తుంటే, కేబుల్ గుచ్చని ఈథర్నెట్‌ని ఎంచుకుని కూర్చున్నవాళ్లు చాలామంది. సముద్రపు గాలికి ప్లగ్గు కొనల్లో ఉప్పు పడుతుంది. కాబట్టి మా పేటలో కేబుల్ మార్చి చూడటం మొదటి పరీక్షల్లో ఒకటి.

4. 169.254 అంటే ఎవరూ పలకలేదు

అడ్రసు పంచే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. 1997 నాటి ప్రమాణమే ఇప్పటికీ నడుస్తోంది. వీఎం "ఎవరైనా ఉన్నారా" అని కేకేస్తుంది, రూటర్ ఒక అడ్రసు చూపిస్తుంది, వీఎం అదే కావాలంటుంది, రూటర్ సరేనంటుంది. కేకకి ఎంతకీ జవాబు రాకపోతే విండోస్ తనంతట తానే 169.254తో మొదలయ్యే అడ్రసు పెట్టుకుంటుంది. లైనక్స్‌లో చాలాసార్లు అడ్రసే ఉండదు. అప్పుడు ఒక ఫోన్‌ని వైఫై నుంచి తీసి మళ్లీ కలపండి. ఫోన్‌కి అడ్రసు వస్తే తప్పు వీఎం వైపు. ఫోన్‌కీ రాకపోతే రూటర్ దగ్గర అడ్రసుల కోటా నిండిందేమో చూడండి. కుర్రాళ్లు కిక్కిరిసిన ఇంట్లో కోటా పెంచడమో, లీజు గడువు (ఒక అడ్రసు ఒకరి దగ్గర ఉండే కాలం) తగ్గించడమో చెయ్యాలి.

5. క్లోన్ చేస్తే గుర్తింపు కూడా మార్చండి

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. ఒక ఉబుంటు సర్వర్ చేసుకుని, దాన్నే రెండు మూడు కాపీలు తీస్తారు. అన్నిటికీ ఒకే ఐపీ వస్తుంది. ఒకదానిలోకి ఎస్ఎస్‌హెచ్ చేస్తే ఇంకొకటి తెరుచుకుంటుంది, లేదా మధ్యలో తెగిపోతుంది. క్లోన్ చేసేటప్పుడు కొత్త మ్యాక్ అడ్రసులు ఇవ్వమని ఎంచుకోవాలి, అది మొదటి మెట్టు. వర్చువల్‌బాక్స్ మ్యాక్‌లు 08:00:27తో, కేవీఎంవి సాధారణంగా 52:54:00తో మొదలవుతాయి, చివరి అంకెలు తేడాగా ఉండాలి.

మ్యాక్ మార్చినా అదే ఐపీ వస్తోందంటే కారణం మెషీన్ ఐడీ. ఉబుంటు సర్వర్ 18.04 నుంచి డీహెచ్‌సీపీ అడిగేటప్పుడు మ్యాక్ బదులు ఈ మెషీన్ ఐడీ నుంచి తయారైన గుర్తింపుని చూపిస్తుంది. క్లోన్‌లో ఆ ఐడీ కూడా నకలే. ఒకే రేషన్ కార్డు పట్టుకుని ఇద్దరు వరసలో నిలబడ్డట్టు ఉంటుంది రూటర్‌కి. క్లోన్‌లో ఈటీసీ కింద ఉన్న మెషీన్ ఐడీ ఫైల్ని ఖాళీ చేసి (తీసెయ్యకూడదు) రీబూట్ చేస్తే కొత్త ఐడీ పుడుతుంది. లేదా నెట్‌ప్లాన్‌లో మ్యాక్‌తోనే గుర్తించమని రాయండి. కొన్ని రూటర్లు మ్యాక్‌నే చూస్తాయి, కొన్ని ఈ గుర్తింపుని చూస్తాయి. అందుకే ఒక ఇంట్లో లేని గొడవ ఇంకో ఇంట్లో వస్తుంది.

6. స్థిరమైన అడ్రసు రూటర్‌లో రాయండి

వీఎం లోపల చేత్తో అడ్రసు రాసుకుంటే రూటర్‌కి ఆ సంగతి తెలియదు. ఆ అడ్రసే రేపు ఇంటివాళ్ల టీవీకి ఇస్తుంది, రెండూ తన్నుకుంటాయి. రూటర్ పేజీలో మ్యాక్‌కి అడ్రసు రిజర్వ్ చేయండి. తప్పక చేత్తో రాయాల్సి వస్తే కోటా బయటి అంకె ఎంచుకుని, గేట్‌వే, డీఎన్ఎస్ కూడా నింపండి.

7. ఇంట్లో పంచేవాడు ఒక్కడే ఉండాలి

ఫైబర్ పెట్టెకి సొంత రూటర్ తగిలించి, రెండింట్లోనూ డీహెచ్‌సీపీ వదిలేస్తారు. లాన్ పోర్టుకి లాన్ పోర్టు కలిపితే ముందు పలికినవాడిదే రాజ్యం. దానికన్నా ప్రమాదం, ల్యాబ్ కోసం వీఎంలో డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టి బ్రిడ్జ్‌లో వదలడం. కింది వాటా వాళ్ల ఫోన్లకి మీ వీఎం అడ్రసులు పంచుతుంది, మీరు లాప్‌టాప్ మూయగానే వాళ్ల నెట్ పోతుంది. అలాంటి ల్యాబ్‌లు ఇంటర్నల్ నెట్‌వర్క్‌లోనే చేయండి. ఎవరు పంచారో తేల్చడానికి విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ ఆల్ కొడితే డీహెచ్‌సీపీ సర్వర్ అడ్రసు కనిపిస్తుంది.

8. అడ్రసు రావడం వేరు, నెట్ రావడం వేరు

ముందు గేట్‌వేకి పింగ్ చేయండి, తర్వాత 8.8.8.8కి, ఆ తర్వాత ఏదైనా సైట్ పేరుకి. మొదటి రెండూ పలికి పేరు పలకకపోతే లోపం డీఎన్ఎస్‌ది, అడ్రసుది కాదు. సస్పెండ్ చేసిన వీఎం నిద్రలేచాక పాత అడ్రసునే పట్టుకుని ఉండొచ్చు. సంక్రాంతికి లాప్‌టాప్ యానాం తీసుకెళ్లేవాళ్లు వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చేసి బయల్దేరండి. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు కరెంటు పోయి వస్తే ముందు ఫైబర్ పెట్టె, తర్వాత రూటర్, ఆ తర్వాత లాప్‌టాప్, చివరికి వీఎం, ఈ వరసలో వెయ్యండి.

యానాంలో ఉన్న స్నేహితుడు ఇక్కడి వీఎంలోకి రావాలంటే రూటర్ బయటి అడ్రసు చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే నెట్ కంపెనీయే చాలామందికి కలిపి ఒక పబ్లిక్ అడ్రసు వాడుతోందని అర్థం. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి ఐపీవీ4 నిల్వ అయిపోయాక, 2012లో ఈ వరసని కేటాయించారు. అక్కడ మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు. వీపీఎన్ గానీ ఐపీవీ6 గానీ చూసుకోవాలి.

చివరిగా ఒక్క మాట. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి, మార్చింది రాసుకోండి. ఎవరినైనా సాయం అడిగేముందు వీఎం అడ్రసు, గేట్‌వే, మ్యాక్, అడాప్టర్ మోడ్ ఈ నాలుగూ కాగితం మీద పెట్టుకుని వెళ్లండి. ఆ నాలుగూ రాసేసరికే సగం మందికి జవాబు దొరికిపోతుంది.