డిమాండ్ నోటీసు – పది రోజుల గడువు



మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో పత్తి, మిర్చి వ్యాపారం చాలావరకు అరువు మీదే నడుస్తుంది. జిన్నింగ్ మిల్లు బేళ్లు పంపుతుంది, స్పిన్నింగ్ మిల్లు తర్వాత డబ్బు కడుతుంది. డబ్బు రాకపోతే, కొన్న కంపెనీకి డిమాండ్ నోటీసు వస్తుంది. రేపు మీలో కొందరు అలాంటి మిల్లులో గుమస్తాగానో అకౌంటెంటుగానో చేరవచ్చు. ఆ కాగితం మొదట మీ చేతికే రావచ్చు. అందుకే ఈ పాఠం.

చట్టం ఏమంటుంది?

పూర్వం 1956 కంపెనీల చట్టం కింద 21 రోజుల గడువు ఉండేది. ఇప్పుడు 2016 నాటి దివాలా స్మృతి అమలులో ఉంది. దాని 8వ సెక్షన్ ప్రకారం నోటీసు అందిన 10 రోజుల్లో కంపెనీ మూడింటిలో ఒకటి చేయాలి: బాకీ కట్టాలి, లేదా ముందే కట్టినట్లు రుజువు పంపాలి, లేదా బాకీపై వివాదం ఉందని తెలపాలి. లేనిపక్షంలో అవతలివారు 9వ సెక్షన్ కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. బాకీ కనీసం 1 కోటి రూపాయలు ఉండాలి. 2020 మార్చి 24కు ముందు ఈ పరిమితి 1 లక్షే.

ట్రిబ్యునల్ కేసు స్వీకరిస్తే డైరెక్టర్ల అధికారం ఆగిపోతుంది. ట్రిబ్యునల్ నియమించిన వ్యక్తి చేతికి కంపెనీ వెళుతుంది. దారి దొరక్కపోతే మిల్లు అమ్మకానికి వస్తుంది, కూలీల పని పోతుంది.

ఆస్ట్రేలియాలో నోటీసునే రద్దు చేయమని 21 రోజుల్లో కోర్టును అడగవచ్చు. మన స్మృతిలో అలాంటి ప్రత్యేక దరఖాస్తు లేదు. మన రక్షణ అంతా ఆ జవాబులోనే ఉంది.

ఏది వివాదం?

సరుకు నాణ్యతపై తగాదా కూడా వివాదమే. అయితే అది నోటీసు రాకముందే ఉండి తీరాలి. 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. వివాదంలో చివరకు గెలుస్తారా లేదా అని ట్రిబ్యునల్ తేల్చనక్కరలేదు. అది నిజమైనదా, కేవలం సాకా అని చూస్తే చాలు.

ఉదాహరణకు, బేళ్లలో తేమ ఎక్కువగా ఉందనుకుందాం. సరుకు దిగిన వారంలోనే పరీక్ష రిపోర్టు జతచేసి ఉత్తరం రాసిన మిల్లుకు రక్షణ ఉంటుంది. ఫోనులో తిట్టి ఊరుకుని, నోటీసు వచ్చాక తేమ సంగతి ఎత్తిన మిల్లును నమ్మడం కష్టం.

హైదరాబాద్ ట్రిబ్యునల్ స్వీకరించిన విజయ్ నిర్మాణ్ కంపెనీ కేసు చూడండి. బాకీపై మధ్యవర్తి తీర్పు వచ్చింది. దాన్ని అవతలి కంపెనీ కోర్టులో సవాలు చేసింది. ఆ సవాలు తేలకుండా దివాలా ప్రక్రియ సాగించరాదని 2018 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ స్మృతి బాకీ వసూలు సాధనం కాదని హెచ్చరించింది.

మన ఇంటి మాట

కోటి లేని బాకీకి ఈ దారి లేదు. కంపెనీ నుంచి రెండు లక్షలు రావలసిన రైతు సివిల్ కోర్టుకే వెళ్లాలి. సాధారణంగా మూడేళ్లలోపు దావా వేయాలి. అక్కడా అడిగేది కాగితమే. మిల్లుకు ఫైలు రాసే గుమస్తా ఉంటాడు. మన నాన్నలకు ఎవరున్నారు? చదువుకున్న మనమే ఉన్నాం. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు చూరులోని కాటా చిట్టీలు తీసి, తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టండి.