చలి నష్టం తేల్చుకున్నాకే కత్తిరింపు: ఫింగర్ లేక్స్ ద్రాక్ష తోటలకు శీతాకాల సూచనలు

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఫింగర్ లేక్స్ అనే సరస్సుల ప్రాంతపు వైన్ ద్రాక్షకు నీటి లోతే రక్ష. సుమారు 188 మీటర్ల లోతున్న సెనెకా సరస్సు వేసవి వేడిని దాచుకొని చలికాలంలో నెమ్మదిగా విడుదల చేయడం వల్ల ఒడ్డు వాలు మీది తోటలకు చలి తీవ్రత తగ్గుతుంది; వసంతంలో అదే నీరు గాలిని చల్లబరచి చిగురును ఆలస్యం చేస్తుంది కనుక, మంచు దెబ్బ ముప్పు కూడా తగ్గుతుంది. అయినా 2023 మే 18 నాటి మంచు అక్కడి లేత చిగుళ్ళను మాడ్చివేసింది కాబట్టి, సరస్సు ఉన్నదన్న ధీమాతో రైతు జాగ్రత్తలు మానరాదు.

కన్నుల పరీక్ష

ఉష్ణోగ్రత సుమారు మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువకు పడిపోయినప్పుడు రీస్లింగ్ వంటి ఐరోపా రకాల కన్నులకు, అంటే తీగ కణుపుల వద్ద నిద్రాణంగా ఉండే మొగ్గల గుంపులకు, ప్రమాదం మొదలవుతుంది. అందువల్ల కత్తిరింపుకు ముందు ఒక్కో రకం నుంచి సుమారు 100 కన్నులున్న తీగ ముక్కలను సేకరించి, ఒక రోజు గది వెచ్చదనంలో ఉంచి, పదునైన బ్లేడుతో కన్నును అడ్డంగా కోసి చూడాలి. లోపల ఆకుపచ్చగా ఉంటే అది బతికినట్లు, గోధుమ రంగుకు మారితే చనిపోయినట్లు గుర్తించాలి. ప్రతి కన్నులోనూ మూడు మొగ్గలుంటాయి. వాటిలో ప్రధాన పంటనిచ్చే నడిమి మొగ్గే చలికి ముందుగా చస్తుంది కనుక లెక్కకు దానినే తీసుకోవాలి.

నష్టం 15 శాతం లోపు ఉంటే మామూలుగానే కత్తిరించవచ్చు. అంతకు మించితే నష్టానికి తగినట్టు అదనపు కన్నులు వదలాలి. సగానికి పైగా చనిపోతే నామమాత్రంగా మాత్రమే కత్తిరించాలి.

కాండం, అంటు రక్షణ

చలికి చీలిన కాండంలో బాక్టీరియా వల్ల కణితి తెగులు వస్తుంది. ఒక్కో మొక్కకు వేర్వేరు వయసుల కాండాలు రెండు పెంచితే, ఒకటి చెడినా రెండోది పంటను నిలుపుతుంది.

1951లో అమెరికా చేరిన ఉక్రెయిన్ శాస్త్రవేత్త కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్, తగిన వేరుమూలంపై అంటుకడితే ఐరోపా ద్రాక్ష ఈ చలిని తట్టుకొంటుందని నిరూపించారు. ఆ అంటు భాగాన్ని కాపాడేందుకు చలికి ముందే మట్టి ఎగదోయాలి; వసంతంలో దానిని తప్పక తొలగించాలి. లేకుంటే అంటు పైభాగం నుంచే వేర్లు పుట్టి, వేరుమూలం ఇచ్చే ఫిలోక్సెరా పురుగు నిరోధం వృథా అవుతుంది.