రేవునొద్ద ఒక అక్షరము

పాఠ్యభాగము: న్యాయాధిపతులు 12:1–6

ఈ భాగము మన సంఘములలో అరుదుగా చదువబడును. ఓడిపోయి ఇంటిదారి పట్టిన ఎఫ్రాయిమీయులను గిలాదువారు యొర్దాను రేవులయొద్ద నిలిపి, ‘షిబ్బోలెతు’ అని పలుకుమనిరి. వారి నాలుకకు ‘ష’ తిరుగలేదు, ‘సిబ్బోలెతు’ అనిరి. ఆ ఒక్క అక్షరమునుబట్టి వారిని పట్టి చంపిరి. ఆ కాలమున పడినవారు 42,000 మంది. ఆ మాటకు ధాన్యపు వెన్ను అని కొందరు, ఏరు అని కొందరు అర్థము చెప్పుదురు. ఏదైనను ప్రాణము తీయదగిన సంగతి అందులో లేదు.

ప్రియులారా, ఈ ‘ష’కారము మన ఉద్దానపు పిల్లలను కూడ పట్టి యిచ్చుచున్నది. మన ఇండ్లలో భాష ‘బాస’, విశాఖ ‘ఇసాక’, శ్రీకాకుళము ‘సిక్కోలు’. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన కొబ్బరి, జీడి తోటలను కూల్చిన తరువాత, పూండిలో రైలెక్కి విశాఖపట్నమునకో హైదరాబాదునకో కూలికి పోయిన ఇండ్లను మేమెరుగుదుము. అక్కడి బడిలో పిల్లవాడు ‘ఏటండి’ అనినను, ‘బేగి’ అనినను తరగతి నవ్వును. తెలుగు బడిలోనే, తెలుగు పిల్లలే! మన యాసను సినిమాలు తరచుగా నవ్వించు పాత్రలకే ఇచ్చుటవలన ఆ నవ్వు వారికి తప్పుగా తోచదు. కొన్ని వారములకు పిల్లవాడు జవాబు తెలిసియు చేయి ఎత్తడు. మందబుద్ధి యందురు. పిదప తల్లిని బడికి రావద్దనును, ఆమె నోరు విప్పునేమోయని.

పేతురును ప్రధానయాజకుని ముంగిట పట్టి యిచ్చినది గలిలయ పలుకే (మత్తయి 26:73).

అయితే ఆ రేవు కాచినవారి నాయకుడెవడు? యెఫ్తా. 11వ అధ్యాయము కూడ చదువుడి. పరస్త్రీకి పుట్టినవాడవని అన్నదమ్ములు వెళ్లగొట్టగా టోబు దేశమున తలదాచుకొన్నవాడే. అట్టివాని మనుష్యులే తరువాత రేవున నిలిచి ఇతరుల నాలుకలను పరీక్షించిరి. ఇక్కడ మాకు భయము కలుగుచున్నది. మన ప్రాంతములో ఇచ్ఛాపురము మొదలు పలాస వరకు ఒడియా ఇండ్లున్నవి; కొండవైపు సవరలున్నారు; గంజాము నుండి పనికి వచ్చినవారి బిడ్డలున్నారు. వారిని మన పిల్లలు ఏమని పిలుచుచున్నారో నేటి రాత్రి ఇంట అడిగి చూడుడి.

మన జిల్లాలోనే పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా సవరభాషను నేర్చుకొని, సవర బిడ్డలకు వారి మాటలతోనే వాచకములు వ్రాసి, బడులు పెట్టించిరి. పిల్లలు ఏరు దాటి వత్తురని ఒడ్డున కూర్చుండక తామే నీటిలో దిగిరి. 2009 విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను బడిలో పిల్లను కొట్టుటయు, మనస్సును వేధించుటయు నిషేధించినది. మంచిదే. గాని బడి విడిచిన తరువాత జీడితోట దారిలో జరుగునది చట్టమునకు కనబడదు.

ఆదివారపు బడి ఉపాధ్యాయులకు ఒక మాట. క్రొత్తబిడ్డను మొదటి దినముననే నిలువబెట్టి చదివింపకుడి. నెమ్మదిగల పిల్లనొకతెను ప్రక్కన కూర్చుండబెట్టుడి. నీళ్లను ‘పాణి’ అందురనియు, అన్నమును ‘భాతొ’ అందురనియు ఆ బిడ్డచేతనే తరగతికి నేర్పించుడి. మనవారు తప్పు పలికినప్పుడు ఆ బిడ్డ నవ్వును. నవ్వనియ్యుడి.