పెద్దమ్మకు ఎత్తుపీట

అక్కలారా! మీ ఇంట్లో పీటలు ఎన్ని ఉన్నాయి? వాటిని ఎవరు చేశారు? మనం చేసుకోలేమా? ఈ పాఠం చదవండి. తర్వాత చెప్పండి.

మా రాత్రి బడికి ఒక పెద్దమ్మ వచ్చేది. అందరికంటే ముందే వచ్చేది. తన పేరు రాయడం నేర్చింది. వంద దాకా అంకెలు నేర్చింది. ఉన్నట్టుండి రావడం మానేసింది.

ఇంటికి వెళ్లి అడిగాను.

"మోకాళ్ల నొప్పులు టీచరమ్మా. చాప మీద కూర్చుంటే లేవలేను. ఇద్దరు పట్టుకుని లేపాలి. నాకు సిగ్గేస్తోంది. ఈ వయసులో నాకు చదువెందుకులే" అంది.

ఆ మాట బడిలో చెప్పాను. అందరూ బాధపడ్డారు.

"మా తలుపులు చేయించినప్పుడు ఒక వేప చెక్క మిగిలింది. అటక మీద ఉంది. దాంతో ఎత్తుపీట చేద్దాం" అంది ఒక అక్క.

"వడ్రంగం మగవాళ్ల పని కదా?" అంది ఇంకో అక్క.

"పొయ్యి వేసేది మనమే. గోడ మెత్తేది మనమే. కత్తిపీట మీద గుమ్మడికాయ కోసేది మనమే. ఒక చెక్క కొయ్యలేమా?" అన్నారు మిగతావాళ్లు.

లెక్క వేశాం

చెక్కను టేపుతో కొలిచాం. పొడవు 5 అడుగులు. వెడల్పు 12 అంగుళాలు. మందం 1 అంగుళం.

పీటకు కావలసినవి ఇవి:

పై చెక్క 1. పొడవు 16 అంగుళాలు, వెడల్పు 12 అంగుళాలు.
కాళ్ల చెక్కలు 2. ఒక్కొక్కటి ఎత్తు 15 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు.
పక్క పట్టీలు 2. ఒక్కొక్కటి పొడవు 14 అంగుళాలు, వెడల్పు 3 అంగుళాలు.

పట్టీలు రెండూ ఒకే ముక్కలోంచి వస్తాయి. కాబట్టి పొడవు లెక్క ఇది:

16 + 15 + 15 + 14 = 60 అంగుళాలు.

12 అంగుళాలు ఒక అడుగు. 60 అంగుళాలు అంటే 5 అడుగులు.

"మన చెక్క సరిగ్గా సరిపోయింది!" అన్నాను నేను. బోర్డు మీద లెక్క రాసింది నేనే. కూడిక తప్పు లేదు. కానీ చెక్క చాలలేదు. ఎందుకో చూడండి.

తప్పు ఎక్కడ జరిగింది?

వడ్రంగి బాబాయి దగ్గర రంపం అడిగి తెచ్చాం. ఒకరు చెక్కను కాలితో తొక్కి పట్టుకున్నారు. ఒకరు కోశారు. చివరికి రెండో కాలి ముక్క మిగిలింది. అది 15 అంగుళాలు ఉండాలి. పావు అంగుళం తక్కువ వచ్చింది.

"పావు అంగుళమే కదా, ఏం కాదులే" అనుకున్నాం. మేకులు కొట్టేశాం. ఒక చోట చెక్క చీలింది. అదీ పట్టించుకోలేదు.

పెద్దమ్మను పిలుచుకొచ్చాం. ఆమె సంతోషంగా కూర్చుంది. పీట ఒక పక్కకు వాలి, గడగడ ఊగింది. పెద్దమ్మ జారిపోయింది. మేము పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో! మోచెయ్యి మాత్రం గీసుకుపోయింది.

"నా కోసం మీరెందుకమ్మా కష్టపడటం" అని వెళ్లిపోయింది.

ఆ రాత్రి మేమెవరం చదవలేదు.

బాబాయి చెప్పిన మూడు సంగతులు

మర్నాడు రంపం కోసం బాబాయి వచ్చాడు. పీటను తిప్పి చూశాడు. నవ్వలేదు. కింద కూర్చుని ఇలా చెప్పాడు.

ఒకటి: "రంపం కూడా కూడు తింటుందమ్మా. మీరు దాని వాటా లెక్క వెయ్యలేదు."

నిజమే. కోసినప్పుడు పొట్టు రాలుతుంది. ఆ పొట్టు ఎక్కడిది? మన చెక్కే. మేము తెచ్చిన రంపం ఒక్కో కోతకు సుమారు 2 మిల్లీమీటర్లు తింటుంది. నాలుగు ముక్కలు కావాలంటే మూడు కోతలు కొయ్యాలి. 3 × 2 = 6 మిల్లీమీటర్లు. ఒక అంగుళంలో 25 మిల్లీమీటర్ల పైన ఉంటాయి. అంటే 6 మిల్లీమీటర్లు దాదాపు పావు అంగుళం. మా కాలు తగ్గింది అంతే!

అందుకే చెక్క కొంచెం ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. అన్ని గీతలూ ఒకేసారి గియ్యకూడదు. ఒక ముక్క కోశాక, అక్కడి నుంచి కొలిచి రెండోది గియ్యాలి. రంపం గీత మీద నడవకూడదు. గీత పక్కన, మనకు అక్కర్లేని వైపు నడవాలి.

రెండు: "గీత కంటితో గీశారు. మూలమట్టం పెట్టలేదు."

మూలమట్టం అంటే మూల సరిగ్గా ఉందో లేదో చూసే పనిముట్టు. పలక మూల ఎలా ఉంటుందో, కాలి చెక్క మూల అలా ఉండాలి. మా కాళ్ల అడుగులు వంకరగా తెగాయి. అందుకే పీట ఊగింది.

మూలమట్టం లేకపోతే ఒక ఉపాయం ఉంది. ఒక కాగితాన్ని మడవండి. మడత అంచు మీద అంచు పడేలా మళ్లీ మడవండి. ఆ మూలే మీ మూలమట్టం. ఇంకో పరీక్ష కూడా ఉంది. నలుచదరంగా కోసిన చెక్కను ఈ మూల నుంచి ఎదురు మూలకు కొలవండి. మిగతా రెండు మూలల మధ్య కూడా కొలవండి. ఎదురెదురు అంచులు సమానంగా ఉండి, ఈ రెండు కొలతలూ ఒకటే అయితే మూలలు సరిగ్గా ఉన్నట్టు.

మూడు: "మేకు చెక్క చివర కొట్టారు. బెజ్జం పెట్టకుండా కొట్టారు. అందుకే చీలింది."

మేకు కంటే సన్నని బెజ్జం ముందుగా బర్మాతో పెట్టాలి. తర్వాత మేకు కొట్టాలి. చెక్కలో పొడవుగా చారలు కనిపిస్తాయి కదా? ఒకే చార మీద రెండు మేకులు దగ్గరగా కొట్టకూడదు. అంగుళం మందం చెక్కకు రెండున్నర అంగుళాల మేకు మంచిది. స్క్రూ బిగిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది.

మళ్లీ చేశాం

మేకులు ఊడదీశాం. చీలిన పట్టీ తీసేశాం. మిగిలిన చెక్కలోంచి ఇంకో పట్టీ కోశాం. రెండు కాళ్ల చెక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి తాడుతో కట్టాం. మూలమట్టం పెట్టి గీత గీశాం. రెండింటినీ కలిపి 14½ అంగుళాలకు కోశాం. కాళ్లు సమానమయ్యాయి. పీట అర అంగుళం తగ్గింది. దాని వల్ల నష్టం లేదు.

తర్వాత ఇలా బిగించాం:

1. కాళ్ల చెక్కలను ఎదురెదురుగా నిలబెట్టాలి. చారలు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే బరువుకు విరుగుతుంది.
2. ముందొక పట్టీ, వెనకొక పట్టీ పెట్టాలి. కాళ్ల పై అంచుతో పట్టీ అంచు సమంగా ఉండాలి. బెజ్జం పెట్టి మేకులు కొట్టాలి.
3. పై చెక్క పెట్టాలి. రెండు చివర్లా ఒక్కో అంగుళం బయటికి ఉండాలి. మేకులు కొట్టాలి.
4. సమంగా ఉన్న నేల మీద పెట్టి, నాలుగు మూలలా నొక్కి చూడాలి. ఊగకూడదు.
5. గరుకు కాగితంతో చారల వెంట రుద్దాలి. చీరకు, చేతికి పేడు గుచ్చుకోకూడదు.
6. వార్నిష్ రెండుసార్లు పుయ్యాలి. కాళ్ల అడుగున మరిచిపోవద్దు. కోసిన చివర్లే ఎక్కువ నీరు పీలుస్తాయి.

జాగ్రత్తలు

పచ్చి చెక్క వాడకండి. ఆరినకొద్దీ వంకర పోతుంది. కొంగు దోపుకుని పని చెయ్యండి. రంపం దారిలో చెయ్యి పెట్టకండి. పొట్టు లేచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పని అయ్యాక మేకులు, పనిముట్లు పిల్లలకు అందకుండా పెట్టండి.

పెద్దమ్మ వచ్చింది

ఈసారి పెద్దమ్మను కూర్చోమనలేదు. ముందు మేమందరం ఒక్కొక్కరం కూర్చుని చూశాం. పీట కదల్లేదు. అప్పుడు కబురు పెట్టాం.

ఆమె వచ్చి పీట చుట్టూ తిరిగింది. "టేపు ఇలా ఇవ్వు టీచరమ్మా" అంది. ఒక పక్క కొలిచింది. రెండో పక్క కొలిచింది. వేలు పెట్టి చదివింది.

"ఇటు పదిహేనున్నర. అటూ పదిహేనున్నర" అంది.

అప్పుడు కూర్చుంది. పలక ఒళ్లో పెట్టుకుంది. పాఠం అయ్యాక పట్టీ మీద చెయ్యి ఆనించి తనే లేచింది.

ఆ రోజు నుంచి మానలేదు.

కొత్త మాటలు

రంపం, మూలమట్టం, బర్మా, పట్టీ, పొట్టు, పేడు

ఆలోచించండి, చెప్పండి

1. మొదటి పీట ఎందుకు వాలింది? ఎందుకు ఊగింది?
2. కాళ్ల చెక్కలో చారలు నిలువుగా ఎందుకు ఉండాలి?
3. మీ ఇంట్లో ఏ వస్తువు ఊగుతోంది? ఎందుకో కొలిచి చూడండి.

లెక్క చెయ్యండి

పుస్తకాలు పెట్టుకోవడానికి ఒక గూడు చెయ్యాలి. 18 అంగుళాల ముక్కలు 2, 10 అంగుళాల ముక్కలు 2 కావాలి. మీ దగ్గర 56 అంగుళాల చెక్క ఉంది. అది చాలుతుందా? జవాబు చెప్పే ముందు రంపం కూడు గుర్తు చేసుకోండి.